కుజుడి దాకా దారిఖర్చు

2013 నవంబరు 5, మంగళవారం. దీపావళి వెళ్ళి రెండు మూడు రోజులైంది. సూళ్ళూరుపేటలోని ఒక డాబా మీద, మధ్యాహ్నం రెండున్నర గంటల వేళ, ఇంటిల్లిపాదీ తూర్పు ముఖంగా నిలబడి ఉన్నారు. ఆ ఇంటి యజమాని ఉన్నత పాఠశాలలో 30 ఏళ్ళకు పైగా లెక్కలు, భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయుడు. ఊరంతా ఆయనను మాస్టారు అనే పిలుస్తుంది. పక్కన ఉన్నది ఆయన తమ్ముడు, రెండేళ్ళ క్రితం పదవీ విరమణ చేసిన ప్రభుత్వ వైద్యుడు. పండుగకు వచ్చి, అన్నగారి బలవంతం మీద ఈ రోజు దాకా ఆగిపోయాడు.

2 గంటల 38 నిమిషాలకు చెట్ల తలల మీదుగా ఒక నిప్పుల చార పైకి లేచింది. మాస్టారు చేతి గడియారం చూస్తూ అంకెలు లెక్కపెట్టసాగారు. శ్రీహరికోట రాకెట్ కేంద్రం అక్కడికి సుమారు 20 కిలోమీటర్లు. వెలుగు కంటపడిన దాదాపు నిమిషానికి గాని శబ్దం చెవిన పడదు. లెక్క తప్పలేదు. అరవై దగ్గరకు వచ్చేసరికి దూరాన బండరాళ్ళు దొర్లినట్లు ధ్వని వచ్చింది. కిటికీ రెక్కలు అదిరాయి.

"మంగళవారం పూట ప్రయాణం పెట్టుకున్నారు, ఎవరూ చెప్పలేదు కాబోలు" అన్నది మాస్టారి భార్య.

"వెళ్ళేది మంగళుడి దగ్గరకే కదా వదినా, ఆయన అడ్డుపడడులే" అని డాక్టరు నవ్వారు. ఆ తరువాత నవ్వు తగ్గించుకుని, "అన్నయ్యా, ఇప్పుడు మన కళ్ళముందే 450 కోట్లు వెళ్ళిపోయాయి" అన్నారు.

ఆ గొంతులో ఎగతాళి లేదు. చాలాకాలంగా మోస్తున్న బరువేదో కొంచెం పక్కకు జరిపినట్లుగా ఉన్నది. ఆ సాయంకాలం మొదలైన వాదన పదేళ్ళపాటు ఉత్తరాలలోను, ఫోనులోను, పెళ్ళి పందిళ్ళలోను సాగుతూనే వచ్చింది. అది ఒక కుటుంబానికి మాత్రమే చెందిన వాదన కాదు. ఆకలి, రోగం ఇంకా తీరని దేశం ఆకాశంలోని గ్రహాల కోసం ధనం వెచ్చించవచ్చునా అన్న ప్రశ్న మనలో ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు వేసుకున్నదే.

భాగహారంలోని మాయ

మాస్టారు మొదట లెక్కతోనే జవాబు చెప్పారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఉన్నవారు 121 కోట్లు. 450 కోట్ల రూపాయలను అంతమందికి పంచితే తలకు నాలుగు రూపాయలు కూడా రావు. ఒక టీ ఖర్చులో కుజగ్రహం!

డాక్టరు తల అడ్డంగా ఊపారు. "దేన్నయినా 121 కోట్లతో భాగించు, చిన్నదే అవుతుంది. లంచాన్ని భాగించు, దుబారాను భాగించు, అదీ టీ ఖర్చే. అంతమంది కలిసి ఒక్కొక్క టీ మానేస్తే అంతరిక్ష నౌకకు బదులు ఆసుపత్రులు కూడా వస్తాయి. భాగహారం ఖర్చును తగ్గించి చూపిస్తుంది గాని, అది మంచి ఖర్చో కాదో చెప్పదు."

మాస్టారు మరొక వాదం ఎత్తుకున్నారు. రూపాయలు కుజుడి మీదికి వెళ్ళలేదు. అవి ఇక్కడే కార్మికుల జీతాలుగా, కర్మాగారాల పనిగా, లోహాల ధరగా ఖర్చయినాయి. దానికీ డాక్టరు దగ్గర సమాధానం ఉన్నది. గొయ్యి తవ్వించి మళ్ళీ పూడ్పించినా కూలి ఇక్కడే అందుతుంది. ధనం ఎక్కడ ఖర్చయిందన్నది కాదు, ఆ శ్రమ ఏమి మిగిల్చిందన్నది ప్రశ్న.

ఆ తరువాతి సంవత్సరం, 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ కుజుడి కక్ష్యలో ప్రవేశించింది. మొదటి ప్రయత్నంలోనే ఆ పని సాధించినందుకు ప్రపంచం మెచ్చుకున్నది. అమెరికా వారి మేవెన్ నౌక అంతకు రెండు మూడు రోజుల ముందే అక్కడికి చేరింది. దాని ఖర్చు 67 కోట్ల డాలర్లు. మన నౌకకు అయినది సుమారు ఏడున్నర కోట్ల డాలర్లు. ఒక హాలీవుడ్ చిత్రం కన్న చవక అన్న మాట దేశమంతా మార్మోగింది. మాస్టారు ఉత్సాహంగా ఫోను చేశారు.

"చవకగా దొరికిందని అవసరంలేని వస్తువు కొంటే వదిన ఊరుకుంటుందా?" అన్నారు డాక్టరు. ఇందులో న్యాయం లేకపోలేదు. మంగళయాన్ మోసుకుపోయిన పరికరాలు ఐదే; వాటి మొత్తం బరువు దాదాపు 15 కిలోలు. ఖర్చు తక్కువే, చేయగలిగిన శాస్త్రమూ పరిమితమే. చవకదనం గర్వించదగినదే కాని, దానంతట అది సమర్థన కాజాలదు.

ఒక సన్యాసిని అడిగిన ప్రశ్న

ఈ వివాదం మన దేశంలో పుట్టినది కాదు. 1969 జూలై 15న, అపోలో 11 చంద్రుడి మీదికి బయలుదేరే ముందురోజు, పాస్టర్ రాల్ఫ్ అబర్నాతీ కొన్ని వందల మంది పేదలను, కంచర గాడిదల బండిని వెంటబెట్టుకుని ఫ్లారిడాలోని ప్రయోగ కేంద్రానికి వచ్చారు. అన్నం లేనివారుండగా చంద్రయానమేమిటని ఆయన ప్రశ్న. అమెరికా అంతరిక్ష సంస్థ అధిపతి థామస్ పెయిన్ స్వయంగా ఎదురువచ్చారు. రాకెట్ మీట నొక్కకుండా ఉంటే పేదరికం పోతుందనుకుంటే ఆ మీట నొక్కబోమని చెప్పారు. అబర్నాతీ తన నిరసనను విరమించలేదు; అయితే వ్యోమగాముల క్షేమం కోసం ప్రార్థిస్తానన్నారు. ఒకే మనిషి ఆ రెండు పనులూ చేయగలగడం గమనించదగ్గ విషయం.

మరుసటి సంవత్సరం జాంబియాలో సేవచేస్తున్న మేరీ జుకుండా అనే సన్యాసిని ఇదే ప్రశ్నను ఉత్తరంగా వ్రాసి ఎర్న్‌స్ట్ స్టూలింగర్ అనే శాస్త్రజ్ఞుడికి పంపింది. అంతమంది పిల్లలు ఆకలితో చస్తుంటే కుజయాత్రకు వందల కోట్ల డాలర్లు వెచ్చించాలని ఎలా సూచించగలుగుతున్నారని ఆమె అడిగింది. ఆయన 1970 మే 6న సుదీర్ఘమైన జవాబు వ్రాశారు. జర్మనీలో సుమారు 400 ఏళ్ళ కిందట ఒక ప్రభువు ఉండేవాడట. పేదలకు ధారాళంగా దానం చేసేవాడు. ఊళ్ళో ఒక విచిత్రమైన మనిషి గాజు ముక్కలను అరగదీసి కటకాలు చేస్తుంటే, అతన్నీ తన కోటలో పెట్టుకుని పోషించాడు. మహమ్మారితో మనుషులు రాలిపోతున్న రోజులలో ఈ ఆటకు డబ్బెందుకని జనం కోపించారు. ప్రభువు మానలేదు. ఆ పని, దానివంటి ఇతరుల పని కలిసి సూక్ష్మదర్శినికి దారితీశాయి. ఆ పరికరం వైద్యశాస్త్రానికి ఎంత మేలు చేసిందో చెప్పనక్కరలేదు.

మాస్టారు ఈ ఉత్తరానికి నకలు తీసి తమ్ముడికి పంపించారు. డాక్టరు ఒప్పుకున్నది కొంతవరకే. "గెలిచిన టిక్కెట్టునే చూపించి లాటరీ మంచిదనడం వంటిదిది. కటకాలు అరగదీసినవాడి పక్కన రసవాదం చేసి బంగారం తీస్తానన్నవాడు కూడా ఉండేవుంటాడు. అతనికి పెట్టిన ఖర్చు గురించి ఎవరూ కథ చెప్పరు" అని తిరుగుటపాలో వ్రాశారు. కింద మరొక వాక్యం చేర్చారు: "ఆ శాస్త్రజ్ఞుడు మొదట రాకెట్లు చేయడం నేర్చుకున్నది యుద్ధంలో నగరాల మీద వేయడానికి. వాటిని తయారు చేసింది నిర్బంధ శిబిరాల ఖైదీలు. ఆ సంగతి కూడా ఖర్చులో వ్రాయవద్దా?"

రెండు తుఫానులు

డాక్టరు రాకెట్లకు శత్రువు కాదు. అలా కావడం ఆయనకు సాధ్యమూ కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఆయన 24 ఏళ్ళ హౌస్ సర్జన్. సహాయ బృందంతో వెళ్ళి, తుమ్మకంపలలో చిక్కుకున్న శవాలను తీయించడం దగ్గర నుంచి కలరా సూదులు వేయడం దాకా అన్నీ చేశారు. పదివేల మందికి పైగా పోయారు. హెచ్చరికలు ఊరూరా చేరలేదు. చేరినచోట కూడా సముద్రం అంత లోపలికి వస్తుందని ఎవరూ ఊహించలేదు.

మంగళయాన్ బయలుదేరడానికి మూడు వారాల ముందు, 2013 అక్టోబరు 12 రాత్రి, ఫైలిన్ తుఫాను ఒడిషాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు. ఉపగ్రహాలు, రాడార్లు దానిని రోజుల తరబడి కనిపెట్టి ఉన్నాయి. ఒడిషా, ఆంధ్ర తీరాలలో దాదాపు పది లక్షల మందిని ముందుగానే తరలించారు. మృతుల సంఖ్య కొన్ని పదులలోనే ఆగిపోయింది. "ఆ ఉపగ్రహాలకు ఎంత ఖర్చయిందని నేనెప్పుడూ అడగను. అడిగే అర్హత నాకు లేదు" అనేవారు డాక్టరు.

కాని ఆయన తర్కం కూడా అక్కడే ఆగింది. భూమి చుట్టూ తిరుగుతూ తుఫానును చూపించే ఉపగ్రహం వేరు, కుజుడి చుట్టూ తిరిగే నౌక వేరు. మొదటిదాని పుణ్యాన్ని రెండవదాని ఖాతాలో వేయడం సరికాదు. తన పక్షాన ఆయన సాక్షాత్తు విక్రమ్ సారాభాయిని సాక్షిగా నిలబెట్టారు. మన అంతరిక్ష కార్యక్రమానికి పునాది వేసిన ఆ మహనీయుడు, చంద్రుడి మీదికో గ్రహాల మీదికో పోవడంలో సంపన్న దేశాలతో పోటీపడాలన్న భ్రమ తమకు లేదని స్పష్టంగా ప్రకటించారు. ఆధునిక విజ్ఞానాన్ని మనిషి అసలైన సమస్యలకు వినియోగించడంలో మాత్రం ఎవరికీ వెనుకబడరాదన్నారు.

మాస్టారు ఈ సాక్ష్యాన్ని కాదనలేదు. వరుస చూడమన్నారు. తుంబా నుంచి తొలి రాకెట్ ఎగిరింది 1963 నవంబరు 21న. 1975-76లో అమెరికా నుంచి ఎరువు తెచ్చుకున్న ఉపగ్రహంతో ఆంధ్రతో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు సేద్యం, ఆరోగ్యం, చదువు గురించిన కార్యక్రమాలు టెలివిజన్‌లో చూపించారు. 1983లో ఇన్సాట్-1బి వచ్చింది. 1988లో పంటలను, నీటి వనరులను చూపే ఐఆర్‌ఎస్ ఉపగ్రహం వచ్చింది. చంద్రుడి వైపు మొదటి నౌక వెళ్ళింది 2008లో. అంటే మొదటి రాకెట్‌కూ చంద్రయానానికీ మధ్య 45 సంవత్సరాలు. ముందు ఇల్లు చక్కబెట్టుకునే పని మొదలుపెట్టి, ఆ తరువాతనే ఇరుగు పొరుగు గ్రహాలను చూడబోయారు. ఈ క్రమంలో సారాభాయి మాటకు భంగమేమీ లేదని ఆయన వాదన.

ఇక్కడ మాస్టారు తనకు ప్రతికూలమైన విషయం ఒకటి తానే చెప్పారు. 1999 అక్టోబరు 29న ఒడిషాను మహా తుఫాను తాకినప్పుడు కూడా ఆకాశంలో ఉపగ్రహాలున్నాయి. అయినా సుమారు పదివేల మంది పోయారు. 1999కీ 2013కీ మధ్య కళ్ళు మాత్రమే మెరుగుపడలేదు. ఆశ్రయ భవనాలు కట్టారు, ఊరూరా బాధ్యులను నియమించారు, ఎవరు ఎప్పుడు ఎవరిని కదిలించాలో ముందే వ్రాసి పెట్టుకున్నారు. పైనుంచి చూసే కన్ను ఎంత అవసరమో, కింద కదిలే చేయి అంత అవసరం. ఈ మాటను డాక్టరు చాలాకాలం మరచిపోలేదు.

శుక్రుడు నేర్పిన పాఠం

మరి దూరపు గ్రహాల వల్ల మనకు ఒరిగేదేమిటి? మాస్టారు 2015లో వ్రాసిన పెద్ద ఉత్తరం ఒకటి ఈ ప్రశ్నకే కేటాయించారు.

శుక్రుడు పరిమాణంలో ఇంచుమించు భూమికి కవలపిల్ల. అంతరిక్ష నౌకలు వెళ్ళి చూడకముందు ఆ మేఘాల కింద పచ్చని అడవులుంటాయని ఊహించినవారు కూడా ఉన్నారు. 1962లో మారినర్ 2 అటుగా పోతూ విపరీతమైన వేడిని గుర్తించింది. 1970లో రష్యావారి వెనెరా 7 నేలమీద దిగి అక్కడి నుంచి సమాచారం పంపింది. వాతావరణంలో 96 పాళ్ళు బొగ్గుపులుసు వాయువు. ఒత్తిడి భూమి మీద కన్న 90 రెట్లు. నేల మీద వేడి సుమారు 460 డిగ్రీలు. సీసం కరిగిపోయే వేడి అది. గాలిలోని ఒక వాయువు గ్రహాన్నంతటినీ కొలిమిగా మార్చగలదని పుస్తకంలో చదవడం వేరు, పొరుగింటిలో చూడడం వేరు. శుక్రుడి మేఘాలను పరిశోధిస్తూ వచ్చిన జేమ్స్ హాన్సెన్ ఆ పనిని వదలి భూమి వాతావరణం వైపు మళ్ళారు. భూమి వేడెక్కుతున్నదని 1988లో అమెరికా సెనెట్ సంఘం ముందు సాక్ష్యమిచ్చింది ఆయనే.

కుజుడి కథ మరొక రకం. 1971 నవంబరులో మారినర్ 9 అక్కడికి చేరేసరికి గ్రహమంతా ధూళి తుఫాను కమ్ముకుని ఉన్నది. వారాల తరబడి నేల కనిపించలేదు. ఆ ధూళి పైగాలిని వేడెక్కించి కింద నేలను చల్లబరచిన తీరును శాస్త్రజ్ఞులు గమనించారు. అణుయుద్ధం జరిగితే లేచే పొగ, మసి భూమి మీద కూడా ఇదే పని చేసి పంటలను నాశనం చేస్తాయన్న హెచ్చరిక 1983లో వెలువడింది. ఆ అధ్యయనం చేసినవారిలో కుజుడి ధూళిని పరిశీలించిన కార్ల్ సేగన్, జేమ్స్ పొలాక్ ఉన్నారు.

ఇక చంద్రయాన్-1. ఖర్చు 386 కోట్లు. రెండేళ్ళు పనిచేయవలసినది, 2009 ఆగస్టులో 312 రోజులకే మూగబోయింది. అయినప్పటికీ, ఎండి మోడువారినదని భావించిన చంద్రుడి మీద నీటి జాడలున్నట్లు అది మోసుకుపోయిన అమెరికా పరికరమొకటి చూపించింది. సొంతంగా వెళ్ళగలిగినవాడే ఇతరుల సామాను కూడా మోసుకుపోగలడు. అప్పుడే విజ్ఞానం ఇచ్చిపుచ్చుకోవడం సాధ్యమవుతుంది.

డాక్టరు జవాబు ఈసారి మెత్తబడి వచ్చింది. "ఒక్క శరీరాన్ని మాత్రమే చూసి వైద్యం నేర్చుకోలేమన్నది నిజం. జబ్బుపడిన కాలేయం చూస్తేనే మంచి కాలేయం విలువ తెలుస్తుంది. మనకు భూమి ఒక్కటే రోగి. పోల్చడానికి మరి రెండు ఉండడం మంచిదే. ఇది ఒప్పుకుంటాను. కాని, రోగనిర్ణయం తెలిసినంత మాత్రాన వైద్యం జరిగిపోదు అన్నయ్యా."

ఖాతాలో లేని ఖర్చు

వాదన చివరికి వచ్చిందనుకునే దశలో మాస్టారే ఒక కొత్త పద్దు తెరిచారు. ఆయన తరగతిలో ఏటా ఒకరిద్దరు యానాది పిల్లలుండేవారు. శ్రీహరికోటను 1969లో ప్రయోగ కేంద్రానికి ఎంపిక చేశారు. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న ఆ దీవి అడవినీ నీటినీ నమ్ముకుని బ్రతికిన యానాదులు క్రమంగా అక్కడి నుంచి బయటికి రావలసి వచ్చింది. ఏ చెట్టు వేరు ఏ జబ్బుకు పనికివస్తుందో తెలిసిన తాతల మనవలు, పేట అంచులలో గుడిసెలు వేసుకుని కూలికి పోసాగారు. వానాకాలంలో ఆ పిల్లలు బడి మానేసేవారు. వారి పేర్లు హాజరు పట్టీ నుంచి కొట్టివేయవలసి వచ్చినప్పుడల్లా తన చేయి ఆగేదని మాస్టారు వ్రాశారు.

"450 కోట్లలో ఈ పద్దు లేదు. నువ్వెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రాకెట్ ఎగిరినప్పుడల్లా డాబా ఎక్కి చప్పట్లు కొట్టే నేను, అది ఎవరి నేల మీద నుంచి ఎగురుతున్నదో తెలిసి కూడా చప్పట్లు కొట్టాను."

ఈ ఉత్తరానికి డాక్టరు వెంటనే జవాబు వ్రాయలేదు.

బల్లమీద ఆగిన కాగితం

2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 మోసుకుపోయిన విక్రమ్ చంద్రుడి నేలను ఢీకొని పగిలిపోయింది. నాలుగేళ్ళకు చంద్రయాన్-3 సిద్ధమైంది. ఖర్చు 615 కోట్లు. దాని గురించి పత్రికలలో వచ్చినదంతా డాక్టరు శ్రద్ధగా చదివారు. ఆయనను ఆకర్షించింది విజయకాంక్ష కాదు, పాత వైఫల్యాన్ని విప్పి చూసిన తీరు. కాళ్ళు బలపరిచారు. ఇంధనం పెంచారు. ఐదు ఇంజన్లలో నడిమిదాన్ని తీసివేశారు. అర కిలోమీటరు పొడవు, వెడల్పు ఉన్న దిగుడు స్థలాన్ని నాలుగు కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పుకు విస్తరించారు. ఏది ఎలా చెడగలదో ముందు ఊహించి, చెడినా దిగగలిగేటట్లు నిర్మించారు.

2023 ఆగస్టు 23న ఆయన మళ్ళీ సూళ్ళూరుపేటలో ఉన్నారు. సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతానికి సమీపంలో మెత్తగా దిగింది. 75 ఏళ్ళ అన్న, 70 ఏళ్ళ తమ్ముడు టెలివిజన్ ముందు చేతులు పట్టుకుని కూర్చున్నారు. భోజనాలయిన తరువాత ఇద్దరూ డాబా ఎక్కారు. అప్పుడు డాక్టరు 15 ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెప్పారు.

2008 అక్టోబరు 21 రాత్రి ఆయన ఒక మారుమూల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నారు. నేలమీద పడుకున్న తొమ్మిదేళ్ళ పిల్లను కట్లపాము కరిచింది. ఆ కాటుకు నొప్పి ఉండదు, వాపు ఉండదు. కనురెప్పలు వాలిపోతుంటే గాని ఇంట్లోవాళ్ళకు తెలియలేదు. విషానికి విరుగుడు సూదిమందు కనీసం ఎనిమిది, పది సీసాలు కావాలి. పెట్టెలో రెండే ఉన్నాయి. ఆ రెండూ ఎక్కించి, జిల్లా ఆసుపత్రికి పంపించారు. పిల్ల దారిలోనే పోయింది. ఉదయం 6 గంటల 22 నిమిషాలకు శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 బయలుదేరింది. ఆసుపత్రి వరండాలో రేడియో ఆ వార్త చెబుతుంటే పిల్ల తండ్రి మెట్టు మీద కూర్చుని విన్నాడు.

"386 కోట్లు అన్న అంకె ఆ వేళే నా మనసులో నాటుకుంది. ఒక్క సీసా ఖరీదు కొన్ని వందల రూపాయలు. ఎన్ని లక్షల సీసాలు వచ్చేవో లెక్క వేసుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను."

మాస్టారు మౌనంగా విన్నారు.

"ఇందులో నీకు చెప్పనిదొకటి ఉంది అన్నయ్యా. సీసాలు తగ్గిపోతున్నాయని ఫార్మసిస్టు పది రోజుల ముందే ఇండెంటు వ్రాసి నా బల్లమీద పెట్టాడు. క్యాంపుల నివేదికలు, సమీక్షా సమావేశాలు అంటూ నేను చూడలేదు. పిల్ల పోయిన మర్నాడు సంతకం పెట్టాను. నాలుగో రోజున మందు వచ్చింది. డబ్బు లేక రాకపోలేదు. చంద్రుడు తినేసినందువల్ల రాకపోలేదు. నా సంతకం లేక రాలేదు."

కొంతసేపటికి మళ్ళీ ఆయనే అన్నారు: "చంద్రుడి మీద ఒక యంత్రం పగిలితే నాలుగేళ్ళు కూర్చుని ఎందుకు పగిలిందో తేల్చారు. మా దగ్గర ఒక పిల్ల పోతే ఎవరూ అడగలేదు. నన్ను ఎవరూ అడగలేదు. అడగనందుకు ఆ రోజు సంతోషించాను కూడా."

మాస్టారు ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. తమ్ముడి భుజం మీద చేయి వేసి చాలాసేపు అలాగే ఉండిపోయారు.

28 పైసలు

ఈ ఒప్పుకోలుతో గ్రహయాత్రల ఖర్చు సమర్థనీయమని రుజువైపోయిందనుకోవడం పొరపాటు. ఒక వైద్యుడి పొరపాటు రాకెట్‌కు యోగ్యతాపత్రం కాజాలదు. రుజువైనది అంతకన్న చిన్న విషయం, కాని ముఖ్యమైనది. రాకెట్‌కూ ఆసుపత్రికీ మధ్య మనం ఊహించుకునే పోటీ చాలాసార్లు నిజమైన పోటీ కాదు. 2023-24లో కేంద్ర ప్రభుత్వ వ్యయం సుమారు 45 లక్షల కోట్లుగా అంచనా వేశారు. అందులో అంతరిక్ష శాఖకు కేటాయించినది 12,500 కోట్లు. నూరు రూపాయలలో 28 పైసలు. గ్రహాలకు పోయేది ఆ 28 పైసలలో కొంత భాగమే. అది నిలిపివేసినంత మాత్రాన ఆ ధనం తనంతట తాను నడిచి పల్లెటూరి మందుల పెట్టెలోకి చేరదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది మరణించారని శాస్త్రీయ అధ్యయనం అంచనా కట్టింది. ఆ మరణాలను ఆపడానికి ధనం కావాలి, నిజమే. అంతకన్న ముందు సీసాలు లెక్కపెట్టేవాడు కావాలి.

అలాగని ఆ 28 పైసలకు లెక్క అడగరాదని కాదు. అడగాలి. ఏ నౌక ఏమి తెలుసుకోవడానికి వెళుతున్నది? విఫలమైతే ఎందుకని బహిరంగంగా చెబుతున్నారా? ఎవరిని కదిలించి ఆ నేల తీసుకున్నారు, వారికి ఏమి తిరిగి ఇచ్చారు? ఈ ప్రశ్నలకు జవాబు ఉన్నంతవరకు ఆ ఖర్చు దుబారా కాదు. పొరుగు గ్రహాలను చూసి సొంత గ్రహాన్ని తెలుసుకోవడం అవసరమైన చదువే. ఏ చదువుకైనా ఇల్లు గడిచే ఖర్చులో కొంత తీసిపెట్టక తప్పదు. అది ఎంతన్నదే వివేకం.

అన్నదమ్ములు ఇప్పటికీ పూర్తిగా ఏకీభవించలేదు. మనుషులను పంపే యాత్రలు అనవసరమని డాక్టరు అంటారు, మాస్టారు ఒప్పుకోరు. సూళ్ళూరుపేట అంచున ఉన్న యానాది కాలనీలో మాస్టారు సాయంకాలాలు పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. కాళ్ళు సహకరించని రోజున పిల్లలే ఆయన ఇంటికి వస్తారు.

డాక్టరు తన ఊరికి తిరిగి వెళ్ళిన తరువాత ఒక అలవాటు చేసుకున్నారు. నెల మొదటి వారంలో దగ్గరి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, అక్కడి యువ వైద్యురాలి అనుమతితో స్టాకు రిజిస్టరు చూస్తారు. మొదట ఆమె విసుక్కున్నది. ఆయన 2008 అక్టోబరు నాటి కథ చెప్పిన తరువాత మరి విసుక్కోలేదు. కిందటి సారి వెళ్ళినప్పుడు శీతల పెట్టెలో విరుగుడు మందు సీసాలు 14 ఉన్నాయి. గడువు తేదీలు ఒక్కొక్కటే చదివి చూశారు. ఆరు సీసాల గడువు రెండు నెలలలో తీరిపోనున్నది. ఇండెంటు వ్రాయించి, వైద్యురాలు సంతకం చేసేవరకు అక్కడే కూర్చుని, ఆ తరువాత ఇంటికి బయలుదేరారు.